నెట్టడానికి చోటు లేని చోట

కొన్ని పెట్రోలు కార్లు ఐడిల్‌లో నిలకడగా ఆడవు. సిగ్నల్ దగ్గర ఆగితే ఆర్‌పీఎం ముల్లు ఊరికే పైకి ఎక్కుతుంది, కిందికి దిగుతుంది, ఒక్కోసారి ఇంజిన్ ఆగిపోతుంది. 1990లు, 2000ల నాటి జపాన్ డిజైన్ కార్లలో ఇది తరచూ వచ్చే జబ్బు. ఇంజిన్‌కి గాలి అందించే థ్రాటిల్ బాడీకి ఒక పక్కన ఐడిల్ కంట్రోల్ వాల్వ్ ఉంటుంది. యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు ఇంజిన్ బతకడానికి కావలసిన కాస్త గాలిని అదే వదులుతుంది. అందులో మసి పేరుకుంటే గాలి లెక్క తప్పుతుంది. చేయాల్సింది పెద్ద పనేం కాదు: వాల్వ్ విప్పి, క్లీనర్ కొట్టి, తుడిచి, మళ్లీ బిగించడం. ఈ చిన్న పనిని పూటంతా సాగదీసేవి ఆ వాల్వ్‌ని పట్టుకుని ఉన్న రెండు మూడు స్టార్ స్క్రూలు, అంటే తల మీద ప్లస్ గాడి ఉన్నవి.

చాలా కార్లలో థ్రాటిల్ బాడీ ఇంజిన్‌కీ, డ్రైవర్ కాళ్ల ముందుండే ఇనుప రేకు గోడకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఆ గోడే ఫైర్‌వాల్. స్క్రూ తల ఆ గోడవైపు చూస్తుంటే, రెంటి మధ్య ఒక్కోసారి జానెడు చోటు కూడా ఉండదు. మామూలు స్క్రూడ్రైవర్ అక్కడ నిటారుగా పట్టదు. పొట్టి డ్రైవర్ పట్టినా దాని వెనక అరచెయ్యి పట్టదు. మణికట్టు వంచి వేళ్ల చివర్లతో తిప్పాలి. తిప్పితే స్క్రూ కదలదు, డ్రైవర్ ముక్కు గాడిలోంచి పైకి లేచి గెంతుతుంది. మళ్లీ పెట్టి తిప్పితే మళ్లీ గెంతుతుంది. గెంతిన ప్రతిసారీ గాడి అంచు కొంచెం కొంచెం చితుకుతుంది. కాసేపటికి ప్లస్ ఆకారంలో ఉండాల్సింది గుండ్రటి గుంట అవుతుంది. స్క్రూ స్లిప్ అయిందని మెకానిక్ చెప్పేది అప్పుడే.

బలం చాలక ఇలా అయిందనుకుంటాం. తిప్పే బలం చాలింది, ఆ బలమే గాడిని చితక్కొట్టింది. చాలనిది నెట్టే బలం. స్టార్ స్క్రూకి తిప్పడమూ కావాలి, దాంతోపాటే లోపలికి గట్టిగా నెట్టడమూ కావాలి. ఇరుకు చోటు మన చేతిలోంచి లాక్కునేది ఆ రెండోదాన్నే. స్క్రూకి సరిగ్గా ఎదురుగా నిలబడి ఒంటి బరువు మోపే వీలు అక్కడ ఉండదు. స్లిప్ అయిన స్క్రూ తీయడానికి మెకానిక్కులు వాడే ఉపాయాల్లో చాలావాటిని నేను ఈ లెక్కతోనే చూస్తాను. కొన్ని నెట్టే బలాన్ని మరోచోటి నుంచి తెచ్చిపెడతాయి. మిగతావి ఆ బలం అవసరమే లేకుండా చేస్తాయి.

స్క్రూ అంత గట్టిగా ఎందుకు పట్టుకుంటుందో ముందు చూడాలి. మర అంటే కడ్డీ చుట్టూ చుట్టిన వాలు. తిరుమల కొండని నిట్టనిలువుగా ఎక్కలేని బస్సు ఘాట్ రోడ్డు మీద మెలికలు తిరుగుతూ ఎక్కినట్టు, స్క్రూ కూడా చుట్టు చుట్టుకీ కాస్త కాస్త దూరం జరుగుతుంది. ఇలాంటి వాల్వులకి వాడే ఎం5 స్క్రూ వ్యాసం 5 మిల్లీమీటర్లు. ఒక చుట్టు తిప్పితే 0.8 మిల్లీమీటర్లు దిగుతుంది. తల వాల్వ్‌కి ఆనిన తర్వాత కూడా తిప్పామనుకోండి. తల ఇక దిగలేదు, మర మాత్రం లోపలికి పోతూనే ఉంటుంది. మధ్యలో ఉన్న కాండం సాగుతుంది. ఆ సాగుడు మిల్లీమీటరులో నూరింట రెండు మూడు వంతులే. కంటికి కనిపించదు. కానీ ఉక్కు ఆ మాత్రం సాగితే చాలు, మళ్లీ మునుపటి పొడవుకి రావడానికి విపరీతంగా లాగుతుంది.

ఎంత విపరీతంగానో లెక్క వేయొచ్చు. మీటరు పొడవు కర్ర చివర అర కిలో బరువు వేలాడదీస్తే దాదాపు 5 న్యూటన్ మీటర్ల టార్క్ వస్తుంది. ఎం5 స్క్రూని అంత టార్క్‌తో బిగిస్తే అందులో సుమారు 5000 న్యూటన్ల లాగుడు పుడుతుంది, అంటే అర టన్ను బరువుని మోసేంత. అలాగని మనం పెట్టిన టార్క్ అంతా ఈ లాగుడుకే పోదు. దాదాపు సగం తల కింద రాపిడికి, మిగిలిన దాంట్లో ఎక్కువ పాలు మరల మధ్య రాపిడికి ఖర్చవుతుంది. లాగుడు కింద నిలిచేది సుమారు పదో వంతు. దండగైనట్టు కనిపించే ఆ రాపిడే ఇంజిన్ ఎంత అదిరినా స్క్రూ దానంతటది ఊడకుండా కాపాడుతుంది. విప్పేటప్పుడు మనకి అడ్డుపడేదీ అదే. శుభ్రంగా ఉన్న స్క్రూని విప్పడానికి బిగించినప్పటికన్నా తక్కువ టార్క్ చాలు, ఎందుకంటే ఈసారి మర వాలు మనకి సాయం చేస్తుంది. ఏళ్ల తరబడి వేడీ తడీ తిన్న స్క్రూకి ఈ మాట వర్తించదు.

ఒక సంగతి ఇక్కడే గుర్తుపెట్టుకుందాం. ఈ రాపిడంతా కాండంలోని లాగుడు మీదే ఆధారపడి ఉంది. లాగుడు తీసేస్తే రాపిడిలో ముఖ్యభాగం దాంతోపాటే పోతుంది.

ఇక గాడి సంగతి. ఒకప్పుడు స్క్రూ తలకి అడ్డంగా ఒకే కోత ఉండేది. అసెంబ్లీ లైన్ మీద మోటారుతో తిరిగే డ్రైవర్‌కి అది పనికిరాలేదు. ముక్కు మధ్యలో నిలవక పక్కకి జారి రంగు వేసిన రేకుని గీరేది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌కి చెందిన హెన్రీ ఫిలిప్స్, జాన్ థాంప్సన్ అనే ఆయన ఆలోచనని కొనుక్కుని మెరుగుపరిచి, 1936లో ప్లస్ గాడికి పేటెంట్లు పొందాడు. అమెరికన్ స్క్రూ కంపెనీ వాటిని తయారుచేసింది. జనరల్ మోటార్స్ కాడిలాక్ కార్లలో వాడింది. కొద్ది ఏళ్లలోనే ఆ గాడి కార్ల పరిశ్రమంతా పాకింది. ఫిలిప్స్ గాడి లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది, కాబట్టి డ్రైవర్ ముక్కు ఎటు పెట్టినా దానంతటదే నడిమధ్యకి వచ్చి కూర్చుంటుంది. లైన్ మీద నిమిషానికి ఇన్ని అని బిగించే మనిషికి అంతకన్నా కావలసిందేముంది!

కానీ సన్నబడే గాడికి గోడలు వాలుగా ఉంటాయి. వాలు గోడని పక్కనుంచి తోస్తే ఆ బలంలో కొంత పైకి మళ్లుతుంది. మనం డ్రైవర్‌ని తిప్పుతున్న కొద్దీ గాడే దాన్ని బయటికి తోస్తుంటుందన్నమాట. అతిగా బిగించకుండా ఉండాలని ఫిలిప్స్ కావాలనే ఇలా చేశాడని ఒక మాట ప్రచారంలో ఉంది. 1936 పేటెంట్లలో అలాంటి ఉద్దేశం కనిపించదు. డ్రైవర్ జారడాన్ని ఒక గుణంగా చెప్పుకున్నది 1949లో వచ్చిన సవరణ పేటెంట్. నాకు కనిపించేది ఇంతే: అది బిగించేవాడి కోసం పుట్టిన గాడి. పదిహేనేళ్ల తర్వాత, మసి పట్టి, తుప్పు పట్టి, గోడ పక్కన ఇరుక్కున్న దాన్ని విప్పాల్సిన మనిషిని ఆ డిజైన్ తలుచుకోలేదు.

గాడి మీద పడే భారం కూడా తక్కువది కాదు. ఎం5 స్క్రూ తలలో డ్రైవర్ రెక్కలు నడిమధ్య నుంచి ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుంటాయి. 5 న్యూటన్ మీటర్ల టార్క్‌ని అంత చిన్న దూరంతో భాగిస్తే 2500 నుంచి 3300 న్యూటన్లు వస్తుంది. నాలుగు రెక్కలకి పంచినా ఒక్కోదాని మీద 60, 80 కిలోల భారం పడుతుంది. ఆ భారం మోసేది చదరపు మిల్లీమీటరో, రెండో ఉన్న గోడ ముక్క. డ్రైవర్ పూర్తిగా కూర్చోకుండా కొనతో మాత్రమే పట్టుకుంటే ఆ ముక్క ఇంకా చిన్నదైపోతుంది. చితక్క ఏంచేస్తుంది?

రాపిడి ఇక్కడ మన పక్షాన ఉంది. గోడకీ ముక్కుకీ మధ్య రాపిడి ఎంత ఎక్కువగా ఉంటే డ్రైవర్ పైకి లేవడం అంత కష్టం. అందుకే మరలు వదులవ్వాలని నూనె కొట్టి, అదే నూనె నిండిన గాడిలో డ్రైవర్ పెట్టి తిప్పడం చేతులారా చేసుకునే నష్టం. నూనె మరలకి కావాలి, గాడికి కాదు. స్ప్రే కొట్టి నానబెట్టాక గాడిని బ్రేక్ క్లీనర్‌తో కడిగి, పిన్నుతో మసి గీకి, పొడిగా తుడవాలి. ఇంజిన్ వాల్వులు సానపట్టే గ్రైండింగ్ పేస్టు ప్రతి షెడ్లోనూ ఉంటుంది. అది కాస్త ముక్కుకి రాస్తే అందులోని గరుకు రవ్వలు ఉక్కులోకి దిగి పట్టుని నిజంగానే పెంచుతాయి. గాడిలో రబ్బరు బ్యాండు పెట్టి తిప్పమనే సలహా ఫర్నిచర్ స్క్రూలకి పనికొస్తుందేమో, ఇంజిన్ దగ్గర 60 కిలోల భారం కింద రబ్బరు ముక్కలైపోతుంది.

జపాన్ డిజైన్ కార్లలో ఇంకో చిక్కుంది. వాటి స్టార్ స్క్రూలు చూడటానికి ఫిలిప్స్‌లాగే ఉంటాయి, కానీ చాలా కాలం పాటు అవి జపాన్ సొంత ప్రమాణమైన జేఐఎస్ ప్రకారం తయారయ్యాయి. మూలల వంపూ లోతూ కొద్దిగా తేడా. ఫిలిప్స్ డ్రైవర్ వాటిలో పెడితే ముక్కు ముందే అడుగుకి తగులుతుంది, రెక్కలు గోడలకి నిండుగా ఆనవు. తలమీద చిన్న చుక్క గుర్తు ఉంటే అది చాలావరకు జేఐఎస్ స్క్రూ. 1983 డిసెంబరులో సుజుకి డిజైన్‌తో మారుతి 800 రోడ్డెక్కింది. అదే దశకంలో జపాన్ కంపెనీల భాగస్వామ్యంతో 100 సీసీ మోటారు సైకిళ్లు వరసగా వచ్చాయి. మన షెడ్లలో నలిగిపోయిన కార్బ్యురేటర్ స్క్రూలకి తుప్పుతో పాటు ఈ సరిపడని డ్రైవర్ కూడా ఒక కారణం. జేఐఎస్ డ్రైవర్ ఖరీదు పెద్దదేం కాదు. అది ఫిలిప్స్ గాడిలోనూ బాగానే కూర్చుంటుంది. జపాన్ బండ్ల మీద పనిచేసే ప్రతి మెకానిక్ పెట్టెలోనూ 2వ నంబరు, 3వ నంబరు రెండూ ఉండాలని గట్టిగా చెబుతాను.

ఇంజిన్ చుట్టూ చోటు ఇంత కరువెందుకైందో కూడా చెప్పుకోవాలి. అంబాసడర్ బానెట్ ఎత్తితే ఇంజిన్ నిలువుగా, రెండు పక్కలా చేతులు ధారాళంగా దూరేంత చోటుతో కనిపించేది. 1959లో బ్రిటన్‌లో వచ్చిన మినీ కారు కోసం అలెక్ ఇసిగోనిస్ ఇంజిన్‌ని అడ్డంగా తిప్పి, గేర్‌బాక్స్‌ని దాని అడుగునే అమర్చి, 3 మీటర్ల చిల్లర పొడవున్న కారులో నలుగురు కూర్చునేలా చేశాడు. అడ్డంగా పెట్టిన ఇంజిన్, ముందు చక్రాలకే శక్తి అనే పద్ధతి తర్వాత చిన్న కార్లన్నిటికీ దారి అయింది. మారుతి 800 కూడా ఆ దారిలోదే. మనుషులకి పెరిగిన చోటు ఇంజిన్ గదిలోంచి వచ్చిందే. ఇంజిన్‌కి ఒక పక్క రేడియేటర్ వైపు, ఇంకో పక్క ఫైర్‌వాల్ వైపు వెళ్లాయి. ఫైర్‌వాల్ వైపు పడిన ప్రతి భాగమూ మెకానిక్‌కి కష్టమే.

కాబట్టి మొదటి ఉపాయం చోటు చేసుకోవడం. ఎయిర్ ఫిల్టర్ పెట్టె, దాని గొట్టం తీసేస్తే సగం దారి తెరుచుకుంటుంది. వైపర్ల కింది ప్లాస్టిక్ కౌల్ విప్పితే కొన్ని కార్లలో పైనుంచి వెలుగూ చెయ్యీ రెండూ దిగుతాయి. మరికొన్నింటిలో ఇంజిన్ ఊగకుండా పట్టే మౌంటింగ్ బోల్టు తీసి ఇంజిన్‌ని ముందుకి వంచితే వెనక రెండు మూడు వేళ్ల మందం సందు దొరుకుతుంది. అన్నిటికన్నా మంచిది థ్రాటిల్ బాడీనే ఊడదీసి బల్ల మీద వైస్‌కి పట్టించడం. దాన్ని పట్టుకునే నాలుగు బోల్టులకీ ఆరు పలకల తలలుంటాయి, పానా పడుతుంది. కూలెంట్ గొట్టాలు విప్పాలి, గాస్కెట్ మార్చాలి, పని పెరుగుతుంది. అయినా గాడి ఒకసారి జారిందంటే ఆ పనికి సిద్ధపడటమే మేలని నా అభిప్రాయం. బల్ల మీద స్క్రూ తల మన వైపు చూస్తుంది, భుజం బరువంతా దాని మీద వేయొచ్చు.

అలా తీయడానికి వీల్లేని చోట్లూ ఉన్నాయి. అప్పుడు డ్రైవర్ పిడి వదిలేసి, విడి బిట్ ఒక్కటే గాడిలో పెట్టి, దాని ఆరు పలకల నడుముకి పావు అంగుళం రింగు స్పానర్ తొడగాలి. ఇప్పుడు ఎత్తు రెండు మూడు సెంటీమీటర్లకి తగ్గింది, తిప్పడానికి పొడవాటి చెయ్యి దొరికింది. ఊపు ఎంత దొరుకుతుందనేది తర్వాతి ప్రశ్న. ఆరు పలకలు కాబట్టి మామూలు స్పానర్ వదిలి మళ్లీ పట్టుకోవాలంటే 60 డిగ్రీలు తిరగాలి. ఓపెన్ స్పానర్ దవడ పిడికి 15 డిగ్రీలు వంకరగా ఉండేది ఇందుకే. ప్రతిసారీ బోర్లించి తొడిగితే 30 డిగ్రీల ఊపుతోనే పని నడుస్తుంది. పన్నెండు మూలల రింగుకి బోర్లించకుండానే 30 చాలు. 72 పళ్ల రాచెట్‌కి ఒక్కో పన్ను 5 డిగ్రీలే. వేలెడు సందులో 5 డిగ్రీల ఊపు దొరకడమంటే పని అవుతుందనే అర్థం.

అయితే నెట్టేదెవరు? బిట్ వెనక ఫైర్‌వాల్ ఉంది. ఇంతసేపూ అడ్డమనుకున్న గోడనే ఆసరా చేసుకోవచ్చు. ఎం8 బోల్టు ఒకటి, దానికి నట్టు, నట్టుకి ఆనించడానికి ఒక గొట్టం ముక్క తీసుకుంటారు. బోల్టు తలని బిట్ వెనక, గొట్టాన్ని గోడకి ఆనించి, నట్టుని స్పానర్‌తో విప్పుకుంటూ పోతే ఈ చిన్న జాకీ పొడవు పెరిగి బిట్‌ని గాడిలోకి నొక్కేస్తుంది. ఎం8 నట్టుకి 5 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తే వచ్చే తోపుడు సుమారు 3000 న్యూటన్లు, అంటే 300 కిలోలు. వేళ్ల చివర్లతో మనం నెట్టగలిగింది పది పదిహేను కిలోలు ఉంటుందేమో. ఒక స్క్రూని తీయడానికి ఇంకో స్క్రూ వాలుని వాడుకోవడం నాకు ఇంజనీరింగ్‌లో చాలా ఇష్టమైన సంగతుల్లో ఒకటి. రెండు జాగ్రత్తలు ఉన్నాయి. ఫైర్‌వాల్ పలుచటి రేకు. గొట్టానికీ దానికీ మధ్య మందపాటి చెక్క పెట్టి, గోడ మడత ఉన్న గట్టి చోటు చూసుకుని, పావు వంతు బలంతోనే మొదలుపెట్టాలి. ఇక స్క్రూ కదిలిందంటే అది వెనక్కి వస్తుంది, పావు చుట్టుకి 0.2 మిల్లీమీటర్లు. జాకీని అంతకంతకూ వదులు చేస్తూ ఉండాలి, లేకపోతే మన జాకీయే దాన్ని రానివ్వదు.

సుత్తి దెబ్బ ఇంకో రకం నెట్టుడు. ఇంపాక్ట్ డ్రైవర్ వెనక సుత్తితో కొడితే లోపలి ఏటవాలు గాడి ఆ దెబ్బలో కొంత భాగాన్ని తిప్పుడుగా మారుస్తుంది. ముక్కు గాడిలోకి దిగబడే క్షణమూ తిరిగే క్షణమూ ఒకటే కావడం వల్ల పైకి లేచే అవకాశం దానికి దొరకదు. దానికి సుత్తి ఊపేంత చోటు కావాలి కాబట్టి ఫైర్‌వాల్ దగ్గర చాలాసార్లు కుదరదు. కానీ పొడవాటి ఇనుప కడ్డీ ఒక కొన స్క్రూ తలకి ఆనించి, రెండో కొన మీద అవతలి నుంచి తట్టడం కుదురుతుంది. అలా చిన్న చిన్న దెబ్బలు కొడితే రెండు లాభాలు. మరల మధ్య గట్టిపడిన పొర పగులుతుంది. పైగా చితికి పైకి లేచిన గాడి అంచులు మళ్లీ లోపలికి మూసుకుంటాయి. ఆ తర్వాత కొత్త బిట్‌ని దాంట్లోకి కొట్టి దింపితే తన గాడి తనే చేసుకుంటుంది. అలెన్ బోల్టులకీ ఇదే పద్ధతి: 5 మిల్లీమీటర్ల ఆరు పలకల రంధ్రం గుండ్రంగా అయితే, కొంచెం పెద్దదైన, ఆరు కొనలున్న టి30 టార్క్స్ బిట్‌ని అందులోకి కొట్టి తిప్పుతారు. థ్రాటిల్ బాడీ సున్నితమైన పోత అని, పక్కనే సెన్సర్ ఉందని మాత్రం సుత్తి పట్టిన చేతికి గుర్తుండాలి.

గాడిని పూర్తిగా వదిలేసి తల అంచుని పట్టుకోవడం వేరే దారి. గాడిలో ఒకటిన్నర మిల్లీమీటర్ల దూరంలో పట్టుకునే బదులు తల అంచు దగ్గర నాలుగున్నర మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుంటే అదే టార్క్‌కి మూడో వంతు బలం చాలు. పైకి తోసే వాలు గోడ అక్కడ లేదు, కాబట్టి నెట్టాల్సిన పనీ లేదు. తల ఉబ్బెత్తుగా ఉంటే లాకింగ్ ప్లయర్‌తో అంచు కరిపించి తిప్పొచ్చు. ప్లయర్ పట్టకపోతే సన్నటి ఉలితో అంచు మీద ఒక గాటు పెట్టి, ఉలిని ఏటవాలుగా వంచి ఎడమవైపు తిరిగేలా తట్టాలి. జపాన్ బండ్లలో కొన్ని స్క్రూలకి ప్లస్ గాడి ఉన్నా తల బయట ఆరు పలకలు కూడా ఉంటాయి. మసి కింద అవి కనిపించవు. ముందు తుడిచి, అద్దం పెట్టో ఫోన్ కెమెరా దూర్చో చూడాలి. 8 మిల్లీమీటర్ల సాకెట్ పట్టే తలని డ్రైవర్‌తో నలిపేయడం కన్నా బాధ కలిగించేది లేదు.

వేడి సంగతిలో ఒక సూక్ష్మం ఉంది. థ్రాటిల్ బాడీ అల్యూమినియం, స్క్రూ ఉక్కు. తడి తగిలితే ఈ రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీలాంటి చర్య మొదలై అల్యూమినియం తినుకుపోతుంది. తెల్లటి పొడి మరల్లో నిండి, లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమించి బిగుసుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉప్పు గాలి ఈ పనిని వేగిరం చేస్తుంది. వేడి చేస్తే ఒక్కో డిగ్రీకి ఉక్కు తన పొడవులో పది లక్షల్లో 12 వంతులు పెరుగుతుంది, అల్యూమినియం సుమారు 23 వంతులు. 100 డిగ్రీలు పెంచితే 5 మిల్లీమీటర్ల రంధ్రం స్క్రూ కన్నా 5 మైక్రాన్లు ఎక్కువ వెడల్పవుతుంది. పెళుసైన ఆ తెల్లటి పొరని పగలగొట్టడానికి అది చాలు. కానీ అదే వేడికి స్క్రూ తల కింద ఉన్న అల్యూమినియం పొడవులోనూ స్క్రూ కన్నా ఎక్కువ పెరుగుతుంది. అంటే తలని పైకి తోస్తుంది, కాండం ఇంకా సాగుతుంది, బిగువు పెరుగుతుంది. కాబట్టి వేడెక్కిన మరుక్షణం బలంగా తిప్పేయడం తెలివి కాదు. వేడి చేసి చల్లారనిచ్చి, చల్లారుతున్నప్పుడు పలుచటి నూనె చుక్కలు వేస్తే సన్నటి సందుల్లోకి అది తనంతట తానే పాకుతుంది. ఇలా రెండు మూడు విడతలు చేయాలి. థ్రాటిల్ బాడీ దగ్గర పెట్రోలు ఆవిరి ఉంటుంది, రబ్బరు రింగు, ప్లాస్టిక్ ప్లగ్ ఉంటాయి. మంట అక్కడికి తేకూడదు. హీట్ గన్ చాలు, నూనె మీద నేరుగా గురిపెట్టకుండా.

వీటిలో ఏదో ఒకటి ఫలించినప్పుడు చేతికి తెలుస్తుంది. టక్కుమని శబ్దం వచ్చి స్క్రూ విడితే అది పట్టు విడిచిన శబ్దం. శబ్దం లేకుండా మెత్తగా, సాగుతున్నట్టు తిరిగితే ఆగిపోవాలి: తిరుగుతున్నది స్క్రూ కాదు, దాని కాండం మెలిపడుతోంది. అప్పుడు కాస్త బిగించి, కాస్త విప్పి, నూనె వేసి, మళ్లీ బిగించి విప్పడమే మార్గం.

అన్నీ అయిపోయాక డ్రిల్. ఇక్కడ ఆ మొదటి భౌతికశాస్త్రం అక్కరకొస్తుంది. మరంతా తొలిచి తీయక్కర్లేదు, తల ఊడితే చాలు. తలే కాండాన్ని సాగదీసి పట్టుకుంది కాబట్టి అది ఊడగానే ఆ అర టన్ను లాగుడు ఒక్కసారిగా పోతుంది. వాల్వ్ చేతికి వస్తుంది. మిగిలిన మొండెం థ్రాటిల్ బాడీ మీద కొద్దిగా పొడుచుకుని ఉంటుంది. అంతసేపు మొండికేసిన ఆ ముక్క చాలాసార్లు ప్లయర్‌తో పట్టుకుంటే మెల్లగా తిరిగి వచ్చేస్తుంది. ఇరుకు చోటుకి మూలమలుపు తల ఉన్న యాంగిల్ డ్రిల్, పొట్టి బిట్ కావాలి. ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్ దొరికితే ఇంకా మంచిది, తొలుస్తూనే స్క్రూని విప్పే దిశలో లాగుతుంది. ముందు సెంటర్ పంచ్‌తో నడిమధ్యన గుర్తు పెట్టడం తప్పనిసరి. కంటికి అద్దాలు, థ్రాటిల్ నోట్లో గుడ్డ, బిట్ కొనకి గ్రీజు ఉండాలి. ఉక్కు రజను అయస్కాంతానికి వస్తుంది, అల్యూమినియం రజను రాదు. అది సిలిండర్‌లోకి పోతే విప్పిన పని కన్నా పెద్ద పని మిగులుతుంది.

మొండెం లోపలే తెగితే ఎక్స్‌ట్రాక్టర్ గుర్తుకొస్తుంది, శంకువులా సన్నబడి ఎడమ మర ఉన్న గట్టి ఉక్కు పనిముట్టు. నేను దాన్ని ఎం5 సైజులో నమ్మను. అది లోపలికి బిగుసుకునే కొద్దీ స్క్రూని వెడల్పు చేసి రంధ్రానికి ఇంకా అదుముతుంది. అంత చిన్న సైజులో తనూ సన్నగా, పెళుసుగా ఉంటుంది. లోపల విరిగిందంటే మామూలు డ్రిల్ దాని మీద గీత కూడా పెట్టలేదు.

అలాంటి చోట స్పార్కు పనికొస్తుంది. 1943లో సోవియట్ శాస్త్రవేత్తలు బోరిస్, నటాలియా లజరెంకో దంపతులు టంగ్‌స్టన్ కాంటాక్టులు స్పార్కు వల్ల అరిగిపోకుండా ఎలా ఆపాలా అని పరిశోధిస్తూ, ద్రవంలో ముంచి స్పార్కు ఇస్తే ఆ అరుగుదలని అదుపు చేయొచ్చని కనుక్కున్నారు. అంటే లోహాన్ని కావలసినంత మేరకే తినిపించొచ్చు. అదే కాలంలో అమెరికాలో హెరాల్డ్ స్టార్క్, విక్టర్ హార్డింగ్, జాక్ బీవర్ అనే ముగ్గురు సరిగ్గా మన సమస్యతోనే మొదలుపెట్టారు: ఖరీదైన అల్యూమినియం పోతల్లో విరిగి ఇరుక్కున్న డ్రిల్లులు, ట్యాపులు బయటికి తీయడమెలా? వాళ్లూ స్పార్కుతోనే తీశారు. ఇవాళ అచ్చులు, విమాన భాగాలు చెక్కే ఈడీఎం (ఎలక్ట్రికల్ డిశ్చార్జ్ మెషినింగ్) యంత్రాలకి ఈ రెండు ప్రయత్నాలే మూలం. ఎలక్ట్రోడ్ లోహాన్ని తాకదు. సెకనుకి వేల స్పార్కులు ఒక్కోటీ సూక్ష్మమైన లోహపు కణాన్ని కరిగించి లేపేస్తాయి. లోహం ఎంత గట్టిదన్నది లెక్కలోకే రాదు. నెట్టే బలం పూర్తిగా సున్నా. భాగాన్ని విప్పి ఈ యంత్రం ఉన్న వర్క్‌షాపుకి తీసుకెళ్లాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట లేత్ పనివాళ్లని అడిగితే ఎవరి దగ్గరుందో చెబుతారు.

స్క్రూ వచ్చేశాక పాతదాన్నే మళ్లీ పెట్టకూడదు. 1967లో అమెరికాలో కామ్‌కార్ కంపెనీ తెచ్చిన టార్క్స్ గాడికి గోడలు నిటారుగా ఉంటాయి, డ్రైవర్‌ని పైకి తోసే వాలు లేదు. ఇరుకు చోటికి అదైనా, బయట ఆరు పలకలున్న తలైనా, అదే పొడవులో, అదే బలం తరగతిలో కొని పెట్టాలి. ఎం5, 0.8 పిచ్ ట్యాప్‌ని చేత్తో తిప్పి రంధ్రంలోని తెల్లపొడి తీసేయాలి. మర చెడిపోయి ఉంటే తీగచుట్ట ఇన్సర్ట్ వేయించాలి. ఉక్కుకీ అల్యూమినియంకీ మధ్య తడి చేరకుండా యాంటీసీజ్ పేస్టు పలుచగా రాయాలి. ఆ పేస్టు రాపిడి తగ్గిస్తుంది కాబట్టి అదే టార్క్‌కి కాండం ఎక్కువ సాగుతుంది. మాన్యువల్‌లో రాసిన టార్క్ పొడి మరలకి చెప్పినదైతే దానికి ఐదో వంతు, నాలుగో వంతు తక్కువ దగ్గరే చెయ్యి ఆపాలి.